కాలేయం రాయి కాకముందే: మచ్చను ముందుగా పసిగట్టిన చరిత్ర



ఈనాటి ప్రసంగంలో మనం మాట్లాడుకోబోయేది కాలేయం గురించి. మాంసం కొట్టు దగ్గర దీన్నే కార్జం అంటాం. డాక్టరు దగ్గరికి వెళ్తే లివరు అంటాం. కన్నడ బడిపుస్తకంలో ఇది పిత్తజనకాంగం, లేదా యకృత్తు. మరాఠీలోనూ ఒడియాలోనూ యకృత్తనే మాటే కాస్త పలుకు మారి వినిపిస్తుంది. తమిళంలో మాత్రం కల్లీరల్ అంటారు. అక్కడ ఊపిరితిత్తి నురైయీరల్, అంటే నురుగు వంటిది. ప్లీహం మణ్ణీరల్, అంటే మన్ను వంటిది. కాలేయమేమో కల్లీరల్, రాయి వంటిది. పెద్దలు పెట్టిన పేర్లు ఎంత చూసి పెట్టారో అనిపిస్తుంది. కాని ఆరోగ్యంగా ఉన్న మనిషి కాలేయం రాయిలా ఉండదు. మెత్తగా, నునుపుగా, ముదురు ఎరుపు రంగులో ఉంటుంది. అది నిజంగా రాయిలా గట్టిపడిందంటే జబ్బు బాగా ముదిరిందన్నమాట. ఏ మనిషి కాలేయం రాయి కాబోతోందో పదేళ్లు ముందుగా తెలుసుకోవడం ఎలా? ఈ ప్రశ్నకు వైద్యులు జవాబు వెతికిన చరిత్రే ఈనాటి విషయం.

నేను బడిపంతులును, వైద్యుణ్ణి కాను. అయినా ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో చివరికి మిగిలేది ఒక చిన్న లెక్క. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగలిగిన లెక్క. అది తెలిస్తే మీ ఇంట్లో ఒక మనిషికి మేలు జరగవచ్చు.

కాలేయాన్ని చూసి భవిష్యత్తు చెప్పడం కొత్త విద్య కాదు. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట బాబిలోనియాలో పూజారులు గొర్రెను బలి ఇచ్చి, దాని కాలేయం మీది గీతలు, గుంటలు చూసి రాజుకు యుద్ధంలో గెలుపో ఓటమో చెప్పేవారు. ఆ విద్య నేర్చుకునే వారి కోసం మట్టితో గొర్రె కాలేయం బొమ్మ చేసి, గళ్లు గీసి, గడి గడికీ ఫలితం రాసి పెట్టారు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇటలీలో పియచెంజా ఊరి దగ్గర 1877లో కంచు కాలేయం ఒకటి దొరికింది. అది ఎట్రుస్కన్ జాతి జ్యోతిష్కులది. గొర్రె కాలేయం రాజ్యం సంగతి చెబుతుందని వాళ్లు నమ్మారు. మన కాలపు వైద్యుడికి అంత పెద్ద ఆశ లేదు. మనిషి కాలేయం ఆ మనిషి సంగతి చెబితే చాలు. ఆ కాస్త చెప్పించడానికే రెండు వందల ఏళ్లు పట్టింది.

మొదటి అడుగు ఫ్రాన్సులో పడింది. రెనె లెనెక్ అనే వైద్యుడి పేరు మీరు వినకపోయినా, ఆయన చేసిన సాధనాన్ని చూడనివారు లేరు. డాక్టరు మెడలో వేలాడే స్టెతస్కోపును 1816లో కనిపెట్టింది ఆయనే. 1819లో ఆయన అచ్చువేసిన గ్రంథంలో, చనిపోయినవారి శరీరాలు కోసి చూసినప్పుడు కనబడిన ఒక కాలేయాన్ని వర్ణించాడు. అది కుంచించుకుపోయి, గడ్డలు గడ్డలుగా, పసుపు కలిసిన గోధుమ రంగులో ఉంది. గ్రీకు భాషలో ఆ రంగుకు కిర్రోస్ అని పేరు. దాన్నిబట్టి ఆయన ఆ స్థితికి సిర్రోసిస్ అని పేరు పెట్టాడు. ఈనాటికీ అదే పేరు. అయితే లెనెక్ చూసింది చనిపోయిన తరువాత. బతికి ఉండగా చూడడం ఎలా?

1883లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే శాస్త్రజ్ఞుడు మధుమేహం ఉన్నవారి కాలేయంలోకి సూది దించి, కాస్త పదార్థం బయటికి తీసి పరీక్షించాడు. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందింది, రసాయన మందులకు దారి చూపింది ఈయనే. అయితే ఆ కాలపు పద్ధతుల్లో సూది కాలేయంలో చాలాసేపు ఉండేది, రక్తస్రావం భయం ఎక్కువ. 1958లో ఇటలీకి చెందిన మెంగిని అనే వైద్యుడు కొత్త సూది తయారు చేసి, ఒక్క సెకనులో ముక్క తీసే పద్ధతి చూపాడు. అప్పటినుంచి బయాప్సీ అనే ఈ పరీక్ష లోకమంతా పాకింది. సూదికొసలో వచ్చిన దారపు ముక్కంత కాలేయాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి మచ్చ ఉందా లేదా అని చూడడం మామూలయింది.

ఇక్కడ మచ్చ అంటే ఏమిటో చెప్పుకోవాలి. మోకాలికి దెబ్బ తగిలితే పుండు మాని అక్కడ మచ్చ మిగులుతుంది గదా. కాలేయానికి కూడా పదే పదే దెబ్బ తగులుతుంటే లోపల అలాంటి మచ్చే పడుతుంది. 1876లో కుఫ్ఫర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు కాలేయంలో నక్షత్రాకారపు కణాలు ఉన్నాయని చూశాడు. అవి మామూలుగా విటమిన్ ఏ నిలవచేసే సాధు కణాలు. 1985లో అమెరికాలో స్కాట్ ఫ్రీడ్‌మన్ బృందం ఎలుక కాలేయం నుంచి ఈ కణాలను వేరుచేసి, నార వంటి కొల్లాజెన్ పదార్థాన్ని ప్రధానంగా తయారుచేసేవి ఇవేనని చూపింది. కాలేయానికి గాయమైనప్పుడు ఇవి నిలవచేసిన విటమిన్‌ను వదిలేసి నార నేయడం మొదలుపెడతాయి. ఆ నార పోగులు పోగులుగా అల్లుకొని కాలేయాన్ని గళ్లు గళ్లుగా కట్టివేస్తుంది. వైద్యులు దీన్ని ఫైబ్రోసిస్ అంటారు. మనం నారమచ్చ అనుకుందాం. మచ్చ లేకపోతే సున్నా దశ, అక్కడినుంచి ఒకటి, రెండు, మూడు. నాలుగో దశే లెనెక్ చూసిన సిర్రోసిస్.

ఇంతవరకూ చెప్పినదంతా ఏ కారణం చేత వచ్చిన మచ్చకైనా వర్తిస్తుంది. చాలాకాలం వైద్యులు రెండు కారణాలే ప్రధానమనుకున్నారు. ఒకటి మద్యం, రెండోది కామెర్ల వైరస్. కాలేయంలో కొవ్వు, వాపు, మచ్చ కనబడి, వైరస్ లేదని తేలితే ఇక తాగుడే అని రాసేసేవారు. రోగి “నేను ముట్టనండి” అని మొత్తుకున్నా నమ్మేవారు తక్కువ. ఆడవాళ్లయితే ఆ మాట భరించలేక పరీక్షకే వెళ్లని సందర్భాలుంటాయి.

ఆ రోగుల మాట నిజమని ఒప్పించిన సంవత్సరం 1980. అమెరికాలో మేయో క్లినిక్‌లో సూక్ష్మదర్శిని కింద కాలేయపు ముక్కలు చూసే యుర్గెన్ లుడ్విగ్ అనే వైద్యుడు, తన సహచరులతో కలిసి 20 మంది రోగుల వివరాలు ప్రచురించాడు. ముక్క చూస్తే తాగినవారి కాలేయంలాగే ఉంది. మనిషిని చూస్తే తాగుడు అలవాటు లేదు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. చాలామంది లావుగా ఉన్నారు, మధుమేహం వంటి జబ్బులున్నవారూ ఉన్నారు. ఈ జబ్బుకు అంతవరకూ పేరు లేదు. ఆయన పెట్టిన పేరు నాన్ ఆల్కహాలిక్ స్టియటోహెపటైటిస్, అంటే మద్యంతో సంబంధం లేని కొవ్వువాపు. ఆరేళ్లకు, 1986లో, మొత్తం జబ్బుకు నాన్ ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్ డిసీజ్ అనే పేరు వచ్చింది. 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఈ పేరును కూడా మార్చాయి. మద్యమనే మాట, కొవ్వనే మాట రెండూ రోగిని నొప్పించేవేనని గుర్తించి, శరీరంలో చక్కెర, కొవ్వుల వ్యవహారం చెడడం వల్ల వచ్చే కాలేయ వ్యాధి అనే అర్థం వచ్చే కొత్త పేరు పెట్టాయి. మీ రిపోర్టులో పాత పేరున్నా కొత్త పేరున్నా జబ్బు దాదాపు ఒకటే.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. ఈ జబ్బు ఎంతమందికి ఉందని లెక్క తీస్తే వైద్యులకే భయం వేసింది. మన పొరుగు సంగతే చూడండి. చెన్నై నగరంలో 541 మందిని పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 32 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉందని తేలింది. మధుమేహం ఉన్నవారిలోనైతే సగానికి పైగా. హైదరాబాదులో 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి 2025లో వెలువరించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా కనిపించింది. రోజంతా కూర్చుని చేసే పని దీనికి ఒక ముఖ్య కారణమన్నారు. లావుగా ఉన్నవారికే ఇది వస్తుందనుకోకండి. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లా పల్లెల్లో 1,911 మందిని చూసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు ఉన్నది సుమారు 9 శాతం మందికే. కాని వారిలో ముప్పాతిక మంది లావుపాటి లెక్కలోకి రానివారే.

ఇంతమందిలో కొవ్వు ఉన్నా అందరికీ మచ్చ పడదు. ఎక్కువమంది ఆ కొవ్వుతోనే వృద్ధాప్యం దాకా బతుకుతారు. కొద్దిమందికి మాత్రం మచ్చ పెరుగుతూ పోయి, పొట్టలో నీరు చేరడం, రక్తం కక్కడం, కాలేయ క్యాన్సరు దాకా వెళుతుంది. ఆ కొద్దిమంది ఎవరు? అందరికీ సూది వేసి చూడలేం. బయాప్సీలో ప్రాణాపాయం సుమారు పదివేల మందిలో ఒకరికని వైద్యులంటారు. ఒక్కరికి చేసేటప్పుడు అది చిన్న సంఖ్య, కోట్లమందికి చేస్తే పెద్ద సంఖ్య. పైగా సూదిలో వచ్చే ముక్క మొత్తం కాలేయంలో యాభై వేల వంతు మాత్రమే. అన్నం ఉడికిందా లేదా అని ఒక్క మెతుకు పట్టుకు చూస్తాం. మెతుకులన్నీ ఒకే నీటిలో ఉడుకుతాయి కాబట్టి అది చెల్లుతుంది. కాలేయంలో మచ్చ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. 2005లో ఫ్రాన్సులో 51 మందికి ఒక్కొక్కరి నుంచి రెండేసి ముక్కలు తీసి పోల్చి చూస్తే, చాలామందిలో రెండు ముక్కలకూ పొంతన కుదరలేదు.

కాబట్టి సూది లేకుండా చెప్పే దారి కావాలి. ఈ దారి తీసినవారిలో పౌల్ అంగూలో పేరు ముందుగా చెప్పాలి. ఆయన కూడా మేయో క్లినిక్ వైద్యుడే. 1999లో ఆయన బృందం 144 మంది రోగుల బయాప్సీ ఫలితాలను ముందు పెట్టుకొని, మచ్చ ఎక్కువ ఉన్నవారిలో ఉమ్మడిగా ఏమున్నదని వెతికింది. నాలుగు విషయాలు తేలాయి. వయసు 45 దాటడం, స్థూలకాయం, మధుమేహం, ఇక నాలుగోది రక్తపరీక్షలో రెండు ఎంజైముల నిష్పత్తి ఒకటికి మించడం.

ఆ రెండు ఎంజైములూ మీకు తెలిసినవే. రిపోర్టులో ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అని ఉంటాయి. కొన్ని రిపోర్టుల్లో మొదటిదాన్ని ఏ.ఎస్.టి. అనీ, రెండోదాన్ని ఏ.ఎల్.టి. అనీ రాస్తారు. కాలేయ కణాలు దెబ్బతింటే ఇవి రక్తంలోకి కారతాయి. ఈ రెంటి నిష్పత్తిలో అర్థం ఉందని 1957లోనే ఇటలీకి చెందిన డి రిటిస్ అనే వైద్యుడు చెప్పాడు. కొవ్వు మొదటి దశల్లో ఎస్.జి.పి.టి. పైన ఉంటుంది. మచ్చ పెరిగేకొద్దీ అది తగ్గి, ఎస్.జి.ఓ.టి. దాన్ని దాటుతుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. పోయిన సంవత్సరం ఎక్కువగా ఉన్న ఎస్.జి.పి.టి. ఈ సంవత్సరం మామూలుకు వచ్చిందంటే జబ్బు తగ్గిందని సంతోషిస్తారు. బరువు తగ్గి, షుగరు అదుపులోకి వచ్చి అది తగ్గితే మంచిదే. ఏమీ మారకుండా అది ఒక్కటే తగ్గితే మాత్రం సంతోషించే ముందు ఇంకో పరీక్ష చేయించాలి. మచ్చ బాగా ముదిరితే కాలేయంలోని కొవ్వు కూడా మాయమవుతుందని 1990లో ఆస్ట్రేలియా వైద్యులు రాశారు. ఇల్లు కాలాక పొగ ఆగిపోవడం లాంటిదది.

2007లో అంగూలో, వివిధ దేశాల వైద్యులతో కలిసి ఇంకా పెద్ద లెక్క కట్టాడు. మొత్తం 733 మంది రోగులు. 480 మంది వివరాలతో సూత్రం తయారుచేసి, మిగిలిన 253 మంది మీద దాన్ని పరీక్షించారు. వయసు, బరువు ఎత్తుల నిష్పత్తి, మధుమేహం, ఎంజైముల నిష్పత్తి, ప్లేట్‌లెట్ల సంఖ్య, అల్బుమిన్ అనే మాంసకృత్తు, ఈ ఆరింటినీ కలిపిన సూత్రమది. దీన్ని వాడితే నలుగురిలో ముగ్గురికి బయాప్సీ అవసరం ఉండదని, అలా తప్పించినవారిలో పదిమందికి తొమ్మిదిమంది విషయంలో జోస్యం సరిగ్గా వచ్చిందని చూపారు. పరీక్ష రాసే పిల్లలకు ముందుగా ప్రశ్నపత్రం ఇవ్వకూడదని మనకు తెలుసు. అలాగే సూత్రం తయారుచేసిన రోగుల మీదే దాన్ని పరీక్షించకుండా, వేరే రోగులను పక్కన ఉంచడం ఇందులో గమనించవలసిన నిజాయితీ.

ఈ సూత్రం మంచిదే కాని చేత్తో కట్టడం కష్టం. దీనికి ఒక సంవత్సరం ముందే, 2006లో, రిచర్డ్ స్టెర్లింగ్ అనే అమెరికా వైద్యుడు వేరే జబ్బు కోసం ఒక చిన్న సూత్రం కట్టి ఉన్నాడు. అది హెచ్.ఐ.వి., హెపటైటిస్ సి రెండూ ఉన్నవారి కోసం చేసినది. పేరు ఫిబ్-4. నాలుగంటే నాలుగే అంకెలు. తరువాత 2009లో కొవ్వు కాలేయం ఉన్నవారి మీద దాన్ని పరీక్షిస్తే ఇక్కడా బాగానే పనిచేసింది. ఈనాడు ప్రపంచమంతటా మొదటి మెట్టుగా వాడుతున్నది ఇదే. అమెరికా మధుమేహ సంఘం 2023 నుంచి షుగరు ఉన్న పెద్దవారికి ఈ లెక్క చూడమని సిఫారసు చేస్తోంది.

శ్రోతలు దయచేసి ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్క చెబుతాను.

మీకు కావలసినవి నాలుగు: వయసు, ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి., ప్లేట్‌లెట్లు. వయసును ఎస్.జి.ఓ.టి.తో గుణించండి. దాన్ని పైన రాయండి. ఎస్.జి.పి.టి.కి వర్గమూలం తీసి, ప్లేట్‌లెట్ల సంఖ్యతో గుణించండి. దాన్ని కింద రాయండి. పైదాన్ని కిందిదానితో భాగించండి. ప్లేట్‌లెట్లను వేలల్లో వేయాలి, ఇది మరిచిపోవద్దు. మన రిపోర్టుల్లో లక్షల్లో రాస్తారు గదా. 2.5 లక్షలుంటే 250 అని వేయాలి.

ఒక ఉదాహరణ. వయసు 45, ఎస్.జి.ఓ.టి. 32, ఎస్.జి.పి.టి. 49, ప్లేట్‌లెట్లు 2.5 లక్షలు. పైన 45ను 32తో గుణిస్తే 1,440. కింద 49కి వర్గమూలం 7, దాన్ని 250తో గుణిస్తే 1,750. భాగిస్తే సుమారు 0.82. ఇది 1.3 కంటే తక్కువ. అంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ.

ఇంకో ఉదాహరణ. వయసు 55, ఎస్.జి.ఓ.టి. 48, ఎస్.జి.పి.టి. 36, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు. పైన 55ను 48తో గుణిస్తే 2,640. కింద 36కి వర్గమూలం 6, దాన్ని 160తో గుణిస్తే 960. భాగిస్తే 2.75. ఇది 2.67 దాటింది. ఈ మనిషి ఆలస్యం చేయకుండా కాలేయ వైద్యుణ్ణి చూడాలి. విడివిడిగా చూస్తే ఈ రిపోర్టులో భయపెట్టే అంకె ఒక్కటీ లేదు, గమనించండి. ఎస్.జి.పి.టి. మామూలే. ప్లేట్‌లెట్లు మామూలు హద్దులోనే. నాలుగూ కలిస్తేనే బొమ్మ కనబడుతుంది.

ఈ నాలుగే ఎందుకు? మచ్చ ఏళ్ల తరబడి పడుతుంది కాబట్టి వయసు. ఎంజైముల సంగతి ఇందాక చెప్పుకున్నాం. ప్లేట్‌లెట్లు ఎందుకంటే, కాలేయం గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. కాలువకు అడ్డుపడితే వెనుక చేలోకి నీరు ఎగదన్నినట్టు, రక్తం ప్లీహంలోకి ఎగదన్ని అది ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచుకుంటుంది. పైగా ప్లేట్‌లెట్ల తయారీకి కావలసిన హార్మోను కాలేయంలోనే పుడుతుంది. అదీ తగ్గుతుంది. అందుకే ప్లేట్‌లెట్లు ఏటేటా కొద్దికొద్దిగా దిగుతున్నాయంటే, రక్తపు లెక్కలాగా కనబడే ఆ అంకె నిజానికి కాలేయపు కబురు కావచ్చు.

ఈ లెక్కకూ హద్దులున్నాయి. 35 ఏళ్ల లోపు వారికి ఇది సరిగా పనిచేయదు. 65 దాటినవారికి వయసు వల్లనే అంకె పెరుగుతుంది కాబట్టి, 1.3కు బదులు 2 హద్దుగా పెట్టుకోమని 2017లో పరిశోధకులు చెప్పారు. డెంగీ వంటి జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎంజైములు పెరుగుతాయి. ఆ సమయపు రిపోర్టుతో ఈ లెక్క కట్టవద్దు. ఇక ముఖ్యమైన సంగతి, ఈ లెక్క “లేదు” అని చెబితే చాలావరకు నమ్మవచ్చు, “ఉంది” అని చెబితే ఇంకో సాక్ష్యం కావాలి. ఊరి దారిలో జల్లెడ పట్టే పోలీసుకూ, తీర్పు చెప్పే న్యాయమూర్తికీ తేడా ఉంది గదా. ఇది జల్లెడ మాత్రమే.

రెండో సాక్ష్యం ఫ్రాన్సు నుంచి వచ్చింది. లెనెక్ దేశం నుంచే. పుచ్చకాయ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం. ఆ పద్ధతినే శాస్త్రంగా మార్చారనుకోండి. లోరాఁ సాండ్రాఁ అనే ఇంజనీరు, ఆయన సహచరులు పారిస్‌లో తయారుచేసిన యంత్రం పేరు ఫైబ్రోస్కాన్. దాని మొన పక్కటెముకల మధ్య ఆనించి చిన్న కుదుపు ఇస్తే, ఆ అల కాలేయంలో ఎంత వేగంగా పోతుందో యంత్రం కొలుస్తుంది. మెత్తని దానిలో నెమ్మదిగా, గట్టి దానిలో వేగంగా పోతుంది. కోత లేదు, రక్తం లేదు, కొన్ని నిమిషాల పని. సూది ముక్కకంటే కనీసం వంద రెట్లు ఎక్కువ భాగాన్ని చూస్తుంది. 2003లో 106 మంది హెపటైటిస్ సి రోగుల మీద దీని తొలి ఫలితాలు వచ్చాయి. ఫలితం కిలోపాస్కల్స్‌లో వస్తుంది. 8 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ లేదని ఇంచుమించు నిశ్చింతగా ఉండవచ్చు. ముందు ఫిబ్-4, అది 1.3 దాటితే ఈ యంత్రం, అప్పటికీ తేలకపోతేనే సూది. ఇదీ ఇప్పటి వరుస.

ఇక్కడ మన ప్రాంతాల్లో తరచుగా జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. పొట్ట స్కానింగ్ చేయిస్తే గ్రేడ్ ఒకటి ఫ్యాటీ లివర్, గ్రేడ్ రెండు ఫ్యాటీ లివర్ అని రాస్తారు. ఆ గ్రేడు కొవ్వుకు సంబంధించినది. మచ్చకు సంబంధించినది కాదు. గ్రేడ్ మూడు ఉన్నవారికి మచ్చ లేకపోవచ్చు, గ్రేడ్ ఒకటి ఉన్నవారికి మూడో దశ మచ్చ ఉండవచ్చు. మామూలు స్కానింగ్ తొలి మచ్చను చూడలేదు. ఈ తేడా ఎంత ముఖ్యమో 2015లో రుజువయింది. అమెరికా, ఐరోపా, థాయ్‌లాండ్ దేశాలకు చెందిన 619 మంది రోగులను ఏళ్ల తరబడి గమనించి ప్రచురించిన అధ్యయనం అది. కొవ్వు ఎంత, వాపు ఎంత అన్నవి మనిషి ఆయుర్దాయాన్ని నిర్ణయించలేదు, మచ్చ దశ ఒక్కటే నిర్ణయించింది. “గ్రేడ్ వన్నే, ఏం భయం లేదు” అని రిపోర్టును బీరువాలో పడేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ముందుగా తెలిసి ఏం లాభం అని మీరు అడగవచ్చు. లాభం ఉంది, ఎందుకంటే ఈ మచ్చ నెమ్మదిగా నడుస్తుంది, వెనక్కి కూడా నడుస్తుంది. 2015లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, వట్టి కొవ్వు ఉన్నవారిలో ఒక దశ పెరగడానికి సగటున 14 ఏళ్లు, కొవ్వుతోపాటు వాపు ఉన్నవారిలో 7 ఏళ్లు పడుతుందని తేలింది. అదే సంవత్సరం క్యూబా దేశపు వైద్యులు 293 మంది రోగులకు ఒక సంవత్సరంపాటు తిండి, నడక మార్పించి, మొదట ఒకసారి, చివర ఒకసారి బయాప్సీ చూశారు. ఒంటి బరువులో పదోవంతు తగ్గినవారిలో 45 శాతం మందికి మచ్చ ఒక మెట్టయినా వెనక్కి తగ్గింది. 70 కిలోలున్న మనిషికి అది 7 కిలోలు. అంత తగ్గగలిగినవారు పదిమందిలో ఒక్కరే అన్నది కూడా ఆ అధ్యయనమే చెప్పింది. అంత తగ్గకపోయినా, తగ్గినంత మేరకు వాపు, కొవ్వు తగ్గాయి. మందుల విషయానికి వస్తే, అమెరికాలో రెస్మెటిరాం అనే మందుకు 2024 మార్చిలో, సెమాగ్లూటైడ్‌కు 2025 ఆగస్టులో ఈ జబ్బు కోసం అనుమతి లభించింది. రెండూ సిర్రోసిస్ రాకముందు, రెండు, మూడు దశల మచ్చ ఉన్నవారికి ఉద్దేశించినవే. నాలుగో దశ దాకా తెలియకుండా కూర్చుంటే ఆ తలుపు మూసుకుపోతుంది.

మన ప్రభుత్వం కూడా 2021 ఫిబ్రవరిలో ఈ జబ్బును మధుమేహం, క్యాన్సరు, గుండెజబ్బుల నివారణకు ఉన్న జాతీయ కార్యక్రమంలో చేర్చింది. 2024లో ఆ మార్గదర్శకాలను సవరించి, సిబ్బందికి శిక్షణ పుస్తకం కూడా వెలువరించింది. కాబట్టి మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో ఈ మాట ఎత్తితే వింతగా చూడవలసిన పని లేదు.

చివరిగా సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట. మనం రక్తపరీక్ష ఒక రాష్ట్రంలో చేయిస్తాం, స్కానింగ్ ఇంకో రాష్ట్రంలో, పెద్ద డాక్టరును చూడడానికి బెంగుళూరో, వేలూరో, హైదరాబాదో, విశాఖపట్నమో వెళ్తాం. డాక్టరు మాట్లాడే భాష మారుతుంది. చీటీ మీది భాష మారుతుంది. రోగి పాత కథ ప్రతిచోటా మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. కాని అంకెలు ఏ రాష్ట్రంలోనైనా ఒకే తీరుగా ఉంటాయి. అందువల్ల రిపోర్టులు పారేయకండి. తేదీ వరుసలో ఒక సంచిలో పెట్టండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే, ఒక నోటు పుస్తకంలో తేదీ, బరువు, ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి., ప్లేట్‌లెట్లు అని గళ్లు గీయించి రాయించండి. అక్కడ మీరు మాట్లాడలేకపోయినా ఆ పుస్తకం మాట్లాడుతుంది.

ఇంట్లో 35 దాటినవారికి షుగరు ఉన్నా, నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటినా, స్కానింగ్‌లో కొవ్వు అని రాసి ఉన్నా, ఈ లెక్క ఒకసారి కట్టి చూడండి. 1.3 లోపు వస్తే నిశ్చింతగా తిండి, నడక చూసుకుంటూ, షుగరు ఉన్నవారు ఏటేటా, మిగిలినవారు రెండు మూడేళ్లకొకసారి మళ్లీ చూసుకోండి. దాటితే ఆ కాగితం డాక్టరుకు చూపించి, ఇంకో పరీక్ష అవసరమా అని అడగండి. హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా ఒకసారి చేయించుకోండి. తాగే అలవాటున్నవారు ఉన్నదున్నట్టు చెప్పండి. తాగనివారు చిన్నబోనక్కరలేదు, 1980 నుంచీ వైద్యశాస్త్రం మీ పక్షానే ఉంది.

బాబిలోనియా పూజారి చెప్పిన జోస్యం రాజు గెలుపు ఓటముల గురించి. వైద్యులు నేర్చుకున్న ఈ జోస్యం జబ్బును తప్పించుకోవడానికి చెప్పేది. వేళకు విని, వేళకు నడిస్తే అది అబద్ధమవుతుంది. అలా అబద్ధం కావాలనే వైద్యుడూ కోరుకుంటాడు.